భిన్నాల లెక్కలు బొమ్మలతో నేర్పడం: ముందు ‘ఒకటి’ ఏదో తేల్చుకోవాలి

1/2 + 1/3 ఎంత అని ఆరో తరగతిలో అడిగి చూడండి. 2/5 అనే జవాబు రాకుండా ఉండదు. పైవి పైన, కిందివి కింద కలిపేశారని సరిపెట్టుకుంటాం. కానీ చాలాసార్లు ఆ తప్పు మనం బోర్డు మీద గీసిన బొమ్మలోంచే పుడుతుంది. రెండు గళ్ల పెట్టె గీసి ఒక గడికి రంగు వేస్తాం. పక్కనే మూడు గళ్ల పెట్టె గీసి ఒక గడికి రంగు వేస్తాం. మధ్యలో కూడిక గుర్తు పెడతాం. పిల్లలు ఉన్నది ఉన్నట్టు లెక్కపెడతారు: మొత్తం ఐదు గళ్లు, రంగు పడ్డవి రెండు. బొమ్మ ఏం చెప్పిందో అదే రాశారు. రెండు పెట్టెలూ కలిసి ‘ఒకటి’ కాదని, ఒక్కో పెట్టే ‘ఒకటి’ అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

అందుకే ఏ బొమ్మ గీసినా మొదటి ప్రశ్న ఒక్కటే ఉండాలి: ఇక్కడ ఒకటి అంటే ఏది? కూడిక నుంచి భాగహారం దాకా ఈ ప్రశ్నని వదలకూడదు. కింద చెప్పే తప్పుల్లో చాలావాటి వేరు ఈ ప్రశ్న అడగకపోవడంలోనే ఉంది.

చదివే తీరు

3/4ని ‘మూడు బై నాలుగు’ అని చదివితే పిల్లల చెవిన పడేవి రెండు విడి అంకెలే. ‘నాలుగింట మూడు వంతులు’ అని చదివించండి. తెలుగులో హారం ముందు పలుకుతాం. ముందు నాలుగు సమాన భాగాలు చేయాలి, తర్వాత అందులో మూడు తీసుకోవాలి. చేతులు పని చేసే వరుస కూడా అదే. ఇంగ్లిష్ మీడియంలో చెబుతున్నా ‘త్రీ బై ఫోర్’ మానిపించి ‘త్రీ ఫోర్త్స్’ అనిపించండి.

ముప్పావు అనే మాటలోనే మూడు పావులున్నాయి. మూడు పావులకి రెండు పావులు కలిపితే ఐదు పావులు, అంటే ఒకటింబావు. పావు అనేది ముక్క పేరు, మూడు అనేది ఎన్ని ముక్కలో చెప్పే లెక్క. హారం పేరు, లవం లెక్క అని ఇక్కడే పట్టుబడితే హారాలను కూడాలన్న ఆలోచన చాలావరకు రాదు. మూడు జామకాయలకి రెండు జామకాయలు కలిపితే ‘ఐదు జామకాయజామకాయలు’ అని ఎవరూ అనరు కదా.

పట్టీల తయారీ

గుండ్రటి రొట్టె బొమ్మ సగానికి, పావుకి బాగానే ఉంటుంది. అంతకు మించి దాన్ని వాడొద్దు. వృత్తాన్ని మూడు, ఐదు సమాన భాగాలుగా చేత్తో గీయడం పెద్దవాళ్లకే కుదరదు. రెండు వంకర ముక్కలు పక్కపక్కన పెడితే మొత్తం ఎంతో కంటికి తేలదు. కూడికకి కావలసింది పొడవు.

ఒక ఏ4 కాగితం చాలు. దాని వెడల్పు 21 సెం.మీ., పొడవు 29.7 సెం.మీ. పొడవుని 24 సెం.మీ.కి కత్తిరించి, వెడల్పుని 3 సెం.మీ. చొప్పున కోస్తే సరిగ్గా ఏడు పట్టీలొస్తాయి. 24ని ఎంచుకోవడానికి కారణం ఉంది: సగం 12, మూడో వంతు 8, పావు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, పన్నెండో వంతు 2 సెం.మీ. ఎక్కడా మిల్లీమీటర్ల గొడవ లేదు. మొదటి పట్టీని కోయకుండా ఉంచండి, అదే ‘ఒకటి’. మిగతా ఆరింటిలో ఒక్కోదాన్ని ఒక్కో రకం భాగాలుగా చేయండి. మందపాటి కాగితమైతే ఎక్కువ రోజులు మన్నుతుంది.

మూడో వంతుని మడతపెట్టి చేయమంటే ఎవరికీ సమానంగా రాదు. స్కేలుతో 8, 16 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టించండి. పన్నెండు భాగాల పట్టీని గీతలు గీసి అలాగే వదిలేయండి, ముక్కలుగా కోయొద్దు. ముక్కకి ఒక్క మిల్లీమీటరు తగ్గినా పన్నెండు ముక్కలకి 12 మిల్లీమీటర్లు పోతాయి. అది ఒక పన్నెండో వంతు ముక్కలో సగం కంటే ఎక్కువ. ఆ తేడాతో ‘సరిపోయిందా, సరిపోలేదా’ అనే వాదన మొదలవుతుంది, చెప్పాల్సిన పాఠం పక్కకి పోతుంది.

ముక్కలకి ఒకవైపు పేరు రాయండి, రెండోవైపు ఖాళీగా ఉంచండి. వారం గడిచాక ఖాళీ వైపు పైకి పెట్టి ఆడించండి. అప్పుడు పిల్లలు పేరు చదివి కాదు, ఒకటి పట్టీ మీద ఎన్నిసార్లు పడుతుందో కొలిచి ముక్కని గుర్తుపడతారు. అసలు నేర్చుకోవడం అప్పుడు జరుగుతుంది.

ఐదో వంతు, పదో వంతు ఈ సెట్టులో రావు. వాటికి 20 సెం.మీ. పట్టీలతో వేరే సెట్టు చేసి, వేరే రంగు కాగితం వాడి, వేరే కవరులో పెట్టండి. రెండు సెట్లూ కలిసిపోతే 24 సెం.మీ.లో ఆరో వంతూ, 20 సెం.మీ.లో ఐదో వంతూ రెండూ 4 సెం.మీ.లే ఉంటాయి. ‘ఐదో వంతు, ఆరో వంతు సమానం’ అని పిల్లలు రుజువుతో సహా చూపిస్తారు.

కూడిక: కొత్త ముక్క పేరు వెతకడం

కూడికకి ముందు కనీసం మూడు పీరియడ్లు సమాన భిన్నాల మీదే గడపండి. అర ముక్క కింద ఏ ముక్కలు ఎన్ని పడితే సరిగ్గా సరిపోతాయో పిల్లలే వెతకాలి: రెండు పావులు, మూడు ఆరో వంతులు, నాలుగు ఎనిమిదో వంతులు, పన్నెండో వంతుల్లో ఆరు గళ్లు. ఇది తొందరగా దాటేస్తే తర్వాత పది పీరియడ్లు పెట్టినా కూడిక నిలవదు.

ఇప్పుడు 1/2 + 1/3. ఒకటి పట్టీని బల్ల మీద పెట్టించండి. దాని కింద ఎడమ అంచు నుంచి అర ముక్క, దానికి ఆనించి మూడో వంతు ముక్క. పెన్సిల్ పట్టుకోక ముందే అడగండి: అర కంటే ఎక్కువా తక్కువా? ఒకటి దాటిందా? అర కంటే ఎక్కువ, ఒకటి కంటే తక్కువ. ఇక్కడే 2/5 సంగతి తేలిపోతుంది. అర ముక్కకి ఇంకో ముక్క చేర్చాం, మరి జవాబు అరకంటే తగ్గడమేమిటి?

తర్వాత ఈ పొడవుకి పేరు కావాలి. పావు ముక్కలతో కొలిస్తే మూడు చాలవు, నాలుగు ఎక్కువవుతాయి. ఎనిమిదో వంతులు ఆరు పెడితే తక్కువ, ఏడు పెడితే బయటకొస్తాయి. ఆరో వంతులు ఐదు పెడితే అంచుకి అంచు కలుస్తుంది. 5/6. పన్నెండో వంతుల పట్టీతో కొలిచిన వాళ్లు 10/12 అంటారు, అదీ ఒప్పే. రెండు ఒప్పులు వచ్చాయని కంగారుపడొద్దు. రెండు జవాబుల పొడవూ ఒకటేనని వాళ్లచేతే చూపించండి.

ఆరో వంతే ఎందుకు సరిపోయింది? అది అరని మూడుసార్లు, మూడో వంతుని రెండుసార్లు కొలవగలదు. రెంటినీ మిగలకుండా కొలిచే ముక్క కోసం వెతకడమే హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని ‘నిరుద్ధ’ అన్నాడు, ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. పిల్లలకి మాత్రం క.సా.గు. అనే మాట ముక్కలతో కొలిచిన తర్వాతే వినిపించాలి. అప్పుడు నోటుబుక్కులో 3/6 + 2/6 = 5/6 అని రాస్తే ప్రతి అంకెకీ చేతిలో ఒక ముక్క ఉంటుంది.

3/4 + 5/6 దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. మొత్తం ఒకటి పట్టీని దాటిపోతుంది. పిల్లలు రెండో ఒకటి పట్టీ పక్కన పెట్టి, 24 గళ్లలో 19 వచ్చాయని 19/24 అంటారు. గళ్ల లెక్క సరే, పేరు తప్పు. ‘ఒకటి ఏది?’ అని అడగండి. ఒక పట్టీలో 12 గళ్లు కాబట్టి గడి పేరు పన్నెండో వంతే. రెండు పట్టీలు పెట్టినంత మాత్రాన గడి చిన్నదైపోదు. జవాబు 19/12, అంటే ఒక పూర్తి పట్టీ, ఇంకో ఏడు గళ్లు: 1 7/12.

పట్టీల నుంచి నోటుబుక్కుకి మారేటప్పుడు గళ్ల పుస్తకం వాడించండి. గీయక ముందే ఎన్ని గళ్ల పొడవో నిర్ణయించుకోవాలి. 2/3, 3/4 ఉంటే 12 గళ్లు. తోచినంత పొడవు గీసి తర్వాత భాగాలు చేయబోతే ఒక పట్టీ పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా వచ్చి పోలిక చెడుతుంది. రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచు కలిసేలా ఉండాలి. పక్కపక్కన గీస్తే మళ్లీ మొదటి తప్పు దగ్గరికే పోతాం.

పొలం కొలతలు తెలిసిన ఊళ్లలో ఎకరం మంచి బొమ్మ. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. 5 అడ్డు వరుసలు, 8 నిలువు వరుసలు గీస్తే ఒక్కో గడి ఒక గుంట. ఎకరంలో ఐదో వంతు అంటే ఒక అడ్డు వరుస, 8 గుంటలు. ఎనిమిదో వంతు అంటే ఒక నిలువు వరుస, 5 గుంటలు. రెండూ కలిపితే 13/40. అయితే రెంటినీ ఒకే బొమ్మలో రంగు వేస్తే ఒక గడి దగ్గర అవి ఒకదాన్నొకటి దాటుతాయి, పిల్లలు 12 లెక్కపెడతారు. కూడికలో ఒకే గుంటని ఇద్దరికి ఇవ్వలేం. వేర్వేరు బొమ్మల్లో రంగు వేయించి, తర్వాత గడి గడిగా మూడో బొమ్మలోకి ఎక్కించమనండి. ఆంధ్రలో అయితే ఎకరానికి 100 సెంట్లు. 10×10 గళ్లలో పావు, ఐదో వంతు కలిపితే 25, 20 కలిసి 45 సెంట్లు. అవే 9/20.

తీసివేత

సాదా తీసివేతకి పట్టీలే చాలు. 3/4 మీద 1/3 పరిచి, పైకి కనిపించే భాగాన్ని పన్నెండో వంతులతో కొలిస్తే 5/12. ఇక్కడ పెద్దగా ఆగక్కర్లేదు.

ఆగాల్సింది 3¼ − 1⅔ లాంటి మిశ్రమ భిన్నాల దగ్గర. 3 3/12 లోంచి 1 8/12 తీయాలి. మూడులో 8 పోదు కాబట్టి అప్పు తెస్తారు. మామూలు తీసివేతలో అలవాటైన పది ఇక్కడ కూడా చేతికొచ్చి 2 13/12 అని రాస్తారు. అప్పు తెచ్చింది ఒకటి. దాన్ని పట్టీగా పక్కన పెడితే అందులో ఉన్నవి 12 గళ్లు, పది కాదు. 2 15/12 − 1 8/12 = 1 7/12.

సంఖ్యారేఖ మీద అప్పు అవసరమే రాదు. 1⅔ దగ్గర నిలబడి ముందుకి నడవాలి. 2 చేరడానికి 1/3, అక్కడి నుంచి 3 దాకా 1, ఆ పైన 1/4. మొత్తం 1 + 1/3 + 1/4 = 1 7/12. కిరాణా కొట్టులో చిల్లర తిరిగి ఇచ్చేటప్పుడు చేసే లెక్క ఇదే. అప్పు పద్ధతితో చేసినదాన్ని సరిచూసుకోవడానికి కూడా బాగుంటుంది.

సంఖ్యారేఖతో ఒక జాగ్రత్త ఉంది. పిల్లలు ఎడాల బదులు గీతలు లెక్కపెడతారు. 0 నుంచి 1 మధ్య నాలుగు భాగాలు చేస్తే 0, 1తో కలిపి ఐదు గీతలుంటాయి, వాళ్లు ఐదో వంతు అనేస్తారు. వేలితో 0 నుంచి ఒక్కో గెంతుకీ పైన చాపం గీయించి, గెంతులు లెక్కపెట్టించండి.

గుణకారం: లో వంతు

2/3 × 4/5ని ‘ఐదింట నాలుగు వంతుల్లో మూడింట రెండు వంతులు’ అని చదివించాలి. గుణకారం గుర్తుని ‘లో’ అని చదవడమే సగం పని చేసేస్తుంది.

గళ్ల పుస్తకంలో 3 అడ్డు వరుసలు, 5 నిలువు వరుసల దీర్ఘచతురస్రం గీయించండి. బయటి హద్దుని పెన్నుతో ముదురుగా దిద్దించండి. ఆ హద్దే ‘ఒకటి’. నాలుగు నిలువు వరుసలకి పసుపు రంగు వేయాలి, అది 4/5. ఇప్పుడు ఆ పసుపులో మాత్రమే మూడింట రెండు వంతులు కావాలి. పసుపు మీద రెండు అడ్డు వరుసలకి నీలి గీతలు కొట్టాలి. రెండు రంగులూ పడ్డ గళ్లు 8. మొత్తం గళ్లు 15. జవాబు 8/15.

ఇక్కడ రెండు రకాల తప్పులొస్తాయి. మొదటిది, నీలి గీతలు పసుపు దాటి చివరిదాకా కొట్టేసి, రంగు కనిపించిన ప్రతి గడీ లెక్కపెట్టి 14/15 అనడం. ‘లో వంతు’ అని చదివించకుండా రెండు భిన్నాలకీ రెండు రంగులు వేయమంటే ఇదే జరుగుతుంది. రెండోది ఇంకా ఆలోచింపజేసేది. అడ్డు గీతలు పసుపులోనే గీసి, పసుపులోని 12 గళ్లే లెక్కపెట్టి 8/12 అనడం. అది అబద్ధం కాదు. పసుపుని ‘ఒకటి’ అనుకుంటే అది 8/12, అంటే సరిగ్గా 2/3. కానీ మనం అడిగింది పెన్ను హద్దులో ఎంత అని. అడ్డు గీతల్ని ఖాళీ వరుసలోకి కూడా పొడిగించి, 15 గళ్లూ కనిపించేలా చేస్తే పిల్లలే దిద్దుకుంటారు.

ఇలాంటివి ఆరేడు గీశాక, బొమ్మ లేకుండా మొత్తం గళ్లు ఎన్నో, రంగు పడేవి ఎన్నో చెప్పమనండి. 3 వరుసలు, 5 వరుసలు కాబట్టి 15. 2 వరుసలు, 4 వరుసలు కాబట్టి 8. హారాన్ని హారంతో, లవాన్ని లవంతో గుణించే సూత్రం వాళ్ల నోటి నుంచే వస్తుంది. కూడికలో పనికిరాని ఆ ఎత్తు ఇక్కడ ఎందుకు చెల్లిందో కూడా అప్పుడే చెప్పండి: ఇక్కడ గడి నిలువుగా, అడ్డంగా రెండుసార్లు తెగింది.

1½ × 2½ అడిగితే 2¼ అనే వాళ్లు చాలామంది. ఒకటి, రెండు గుణించి 2, అర, అర గుణించి పావు. దీర్ఘచతురస్రం గీసి, ఒక వైపు 1, ½ గా, ఇంకో వైపు 2, ½ గా విడగొట్టండి. లోపల నాలుగు గదులు ఏర్పడతాయి: 2, ½, 1, ¼. వాళ్లు మూలకి మూల ఉన్న రెండు గదులే లెక్కపెట్టారు, మిగతా రెండూ ఖాళీగా వదిలేశారు. మొత్తం 3¾.

భాగహారం: మిగిలిన ముక్క పేరేమిటి?

తిరగేసి గుణించమని మొదటిరోజే చెప్పేస్తే జవాబులొస్తాయి, అర్థం రాదు. 3 ÷ 1/4తో మొదలుపెట్టండి. మూడు పట్టీల్లో ఎన్ని పావు ముక్కలున్నాయి? పన్నెండు. భాగిస్తే సంఖ్య పెరిగిందేమిటి అనే ప్రశ్న పిల్లల నుంచి రావాలి. రాకపోతే మీరే అడగండి. చిన్న ముక్కతో కొలిస్తే ఎక్కువసార్లు పడుతుంది. తర్వాత 3/4 ÷ 1/8. ముప్పావు మీద ఎనిమిదో వంతులు పరిస్తే ఆరు.

అసలు పరీక్ష 1¾ ÷ ½. బిందెలో ఒకటిముప్పావు లీటరు మజ్జిగ ఉంది. అర లీటరు గ్లాసుతో పోస్తే ఎన్ని గ్లాసులు? నీళ్లు, కొలపాత్ర తెచ్చి నిజంగానే పోయించండి. ఒకటి, రెండు, మూడు గ్లాసులు నిండుతాయి. బిందెలో ఇంకా కొంచెం మిగిలింది. దాన్ని కొలపాత్రలో పోస్తే పావు లీటరు. తరగతిలో చాలామంది ‘మూడుంబావు’ అంటారు. ఆ నీళ్లనే నాలుగో గ్లాసులో పోసి చూపించండి. గ్లాసు సగానికి నిండుతుంది. అదే నీళ్లు. లీటరుని ఒకటి అనుకుంటే పావు, గ్లాసుని ఒకటి అనుకుంటే సగం. మనం అడిగింది ఎన్ని లీటర్లని కాదు, ఎన్ని గ్లాసులని. కాబట్టి మూడున్నర. ఈ ఒక్క గ్లాసు దగ్గర పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. భిన్నాల భాగహారంలో ఉన్న కష్టమంతా ఆ సగం నిండిన గ్లాసులోనే ఉంది.

తర్వాత 2/3 ÷ 3/4. రెంటినీ ఒకే ముక్కల్లోకి తేవాలి: 8/12, 9/12. ఇప్పుడు ముక్క పేరు ఒకటే కాబట్టి ఎనిమిదింటిని తొమ్మిదితో కొలవడమే. ఒక్కసారి కూడా పూర్తిగా పడదు, తొమ్మిదింట ఎనిమిది వంతులే పడుతుంది. జవాబు 8/9. ఈ హారాలు సమం చేసే పద్ధతితోనే కొన్నాళ్లు చేయించండి. నెమ్మదిగా నడుస్తుంది కానీ ప్రతి అడుగూ బొమ్మలో కనిపిస్తుంది.

తిరగేయడం ఎందుకో చెప్పే రోజు ఒకటి పట్టీని ముప్పావుతో కొలిపించండి. ఒకసారి పూర్తిగా పడి, పావు మిగులుతుంది. ఆ పావు ముప్పావులో మూడో వంతు. అంటే ఒకటిలో ముప్పావులు 1⅓, అదే 4/3. ఒకటిలో 4/3 ఉంటే మూడింట రెండు వంతుల్లో అందులో మూడింట రెండు వంతులే ఉంటాయి: 2/3 × 4/3 = 8/9. తిరగేసిన భిన్నం అంటే ‘ఒకటిలో ఎన్ని’ అనే ప్రశ్నకి జవాబు.

బొమ్మలు ఎప్పుడు మానాలి

జవాబులు సరిగ్గా వస్తున్నాయని వెంటనే పట్టీలు లోపల పెట్టేయొద్దు. లెక్క చేయక ముందే జవాబు అర కంటే ఎక్కువో తక్కువో, ఒకటి దాటుతుందో లేదో చెప్పగలుగుతున్నారా చూడండి. 8/9 + 11/12 చూడగానే ‘రెండూ ఒకటికి కాస్త తక్కువ, కాబట్టి రెండుకి కాస్త తక్కువ’ అంటే పట్టీ మనసులోకి వెళ్లినట్టే. అంకెలు మాత్రమే కలుపుతున్న పిల్లలు ఈ మాట చెప్పలేరు. వాళ్లకి పట్టీలు తిరిగి ఇవ్వండి, అది వెనకబడిన వాళ్ల పని అన్న మాట మాత్రం తరగతిలో వినిపించకూడదు.

ఇంకో పరీక్ష తిరుగు దారిలో పెట్టండి. నోటుబుక్కులో 6 సెం.మీ. గీత గీసి ‘ఇది మూడింట రెండు వంతులు, ఒకటి ఎంత పొడవో గీయి’ అనండి. ఆరులో మూడో వంతు 2 తీసి కలిపి 8 సెం.మీ. గీసే వాళ్లుంటారు. వాళ్లు ఇచ్చిన ముక్కనే ఒకటి అనుకుని దాన్నే మూడు భాగాలు చేశారు. ఆ గీతలో ఉన్నవి రెండు వంతులే కదా అని చూపించి, గీతని మధ్యలో చిన్న అడ్డగీతతో రెండుగా విడగొట్టమనండి. ఒక్కో వంతు 3 సెం.మీ. ఇంకో వంతు పక్కన చేరిస్తే 9.